నార్వేజియన్ పొడవాటి సమాసాలు: అతుకు ఎక్కడ, ఊనిక ఎక్కడ?

ఓస్లో_నర్సు:
అందరికీ నమస్కారం. నొష్క్‌ప్రోవెన్ (నార్వేజియన్ భాషా పరీక్ష) బి2 స్థాయి మౌఖిక పరీక్షకి తయారవుతున్నాను. చదివింది అర్థమవుతుంది, రాతా ఫర్వాలేదు. పైకి చదివేటప్పుడు మాత్రం పొడవాటి నామవాచకం వచ్చిన ప్రతిచోటా మా టీచర్ ఆపుతుంది, "ఒక మాటని రెండు మాటలు చేసి చదువుతున్నావు" అంటుంది. సరేనని గబగబా ఒకే ఊపులో చదివితే ఈసారి ఏ మాటో తనకి తెలియలేదంటుంది. మనకి తెలుగులో ఊనిక మారితే అర్థం మారే బాధ లేదు కదా, అందుకే ఎక్కడ నొక్కాలో చెవికి పట్టడం లేదు. ఉదాహరణకి పెద్దాసుపత్రి పేరు, ఊనివెర్సితేత్స్‌స్యూకెహూస్. దీన్ని ఎన్ని అక్షరాలుగా విడగొట్టాలి, ఎక్కడ నొక్కాలి? ఒక సూత్రం ఉంటే చెప్పండి. మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను, అతుకు దగ్గర నిలువు గీత | పెడదాం, అందరికీ సులువు.

గురులఘువు:
అమ్మా, ముందు అక్షరాలు లెక్కపెట్టడం ఆపండి. అక్షర విభజన ఆఖర్న చూసుకోవచ్చు. మొదట కావలసింది అతుకు. ఏ మాటా ఏ మాటా కలిసి ఇది తయారైంది అన్నది తెలిస్తే ఊనిక, అచ్చు నిడివి, లింగం అన్నీ దాని వెనకే వస్తాయి.

మన వ్యాకరణంలో తత్పురుషం ఉత్తరపద ప్రధానం అని చదువుకున్నాం కదా, నార్వేజియన్ నామ సమాసం కూడా అంతే. అర్థంలో పెత్తనం చివరి పదానిది, లింగం చివరి పదానిది, బహువచనం ఎలా చేయాలన్నదీ చివరి పదమే చెబుతుంది. బాణ్ అంటే పిల్ల, అది నపుంసకం. హాగె అంటే తోట, అది పుంలింగం. రెండూ కలిసి బాణె|హాగె, పిల్లల బడి, పుంలింగం అయింది. ఎందుకంటే చివర ఉన్నది హాగె. ఊనిక మాత్రం దీనికి తలకిందులు, అది పూర్వపదానికి పోతుంది. కాబట్టి అర్థం వెనక, బలం ముందు. ఈ రెండూ ఒకేచోట ఉండవు. మనవాళ్ళు తడబడేది ఇక్కడే, ముఖ్యమైన పదం చివరిది కదా అని దాన్నే గట్టిగా పలుకుతారు, వినేవాళ్ళకి అది కొత్త మాట మొదలైనట్టు ఉంటుంది.

ఇంకో సంగతి. రెండో పదం పూర్తిగా చచ్చిపోదు. దాని ఊనిక ఒక మెట్టు దిగి రెండో స్థాయి ఊనిక అవుతుంది. మీరు గబగబా చదివినప్పుడు టీచర్‌కి అర్థం కాకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది, వేగంలో వెనక పదాన్ని నలిపేసి ఉంటారు. బాణె|హాగె లో "బా" పెద్ద ఊనిక, "హా" చిన్న ఊనిక, "ణె", "గె" రెండూ తేలిక. ఆ "హా" దీర్ఘం దీర్ఘంగానే ఉండాలి.

ఇక మీ ఆసుపత్రి. పూర్వపదం ఊనివెర్సితేత్, అంటే విశ్వవిద్యాలయం, వెనకది స్యూకెహూస్, ఆసుపత్రి. ఇది బయటినుంచి వచ్చిన మాట, విడిగా పలికినా దీని ఊనిక చివరి "తేత్" మీదే. సమాసంలోకి వచ్చినా అక్కడే ఉంటుంది. "మొదటి అక్షరాన్ని నొక్కాలి" అని కొందరు చెప్తారు చూడండి, అది సగమే నిజం. మొదటి అక్షరం కాదు, మొదటి పదంలో సహజంగా ఊనిక ఎక్కడ ఉందో అక్కడ. ఊనివెర్సి "తేత్స్" | "స్యూ"కెహూస్. పెద్ద ఊనిక తేత్ మీద, చిన్నది స్యూ మీద. స్తుదెంత్ కూడా ఇంతే, "దెంత్" మీద ఊనిక, స్తుదెంత్|కొట్ (విద్యార్థి కార్డు) అన్నా అక్కడే.

బెర్గెన్‌వాన:
గురువుగారు చెప్పినదానికి ఒక చిన్న అనుబంధం. అక్షరాలు ఆఖర్న అన్నారు, నేనైతే అసలు అక్కర్లేదంటాను. ఇక్కడ పుట్టిన ఎవరినైనా అడగండి, ఆ మాటలో ఎన్ని అక్షరాలని, ఆగి వేళ్ళు లెక్కపెట్టుకుంటారు. ఏయే మాటలు కలిశాయని అడిగితే టక్కున చెప్తారు. బళ్ళో పిల్లలు చప్పట్లు కొట్టి అక్షరాలు లెక్కపెట్టడం నేర్చుకుంటారు, అది రాయడం నేర్పడానికి. మాట్లాడ్డానికి ఎవరూ అలా నేర్చుకోలేదు.

ఓస్లో_నర్సు:
గురులఘువు గారు, చాలా థాంక్స్ అండి. "అర్థం వెనక, బలం ముందు" అని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. కానీ ఆ ఆసుపత్రి మాటలో రెండు "స్" లు వచ్చాయి కదా, తేత్‌స్ తరవాత మళ్ళీ స్యూ. ఒకటి ఎక్కడినుంచి వచ్చింది? బాణ్ కి "ఎ" చేరి బాణె ఎందుకైంది? వీటికేమైనా పద్ధతి ఉందా, లేక ఒక్కోటీ బట్టీ పట్టాలా?

గురులఘువు:
సగం పద్ధతి, సగం బట్టీ. రెండు మాటల మధ్య జిగురులాగా స్ గానీ ఎ గానీ వస్తాయి, చాలా మాటల్లో ఏదీ రాదు. హెత్, దొమ్, స్కాప్, షూన్, తేత్, ఇంగ్ లాంటి ప్రత్యయాలతో ముగిసే మాట పూర్వపదమైతే స్ దాదాపు ఖాయం. ఊనివెర్సితేత్‌స్ అందులోదే. ఆ మొదటి స్ జిగురు, రెండోది స్యూకె తాలూకు సొంత అక్షరం. రాసేటప్పుడు ఒకటి తగ్గిస్తే తప్పు. పలికేటప్పుడు రెండూ కలిసి ఒక పొడుగు స్ అవుతుంది, అతుకు సరిగ్గా దాని నడుమ ఉంటుంది.

ఎ జిగురు ఎక్కువగా ఒక్క అక్షరపు పాత మాటలకి వస్తుంది. బాణె|హాగె, క్రిస్మస్ కానుక యూలె|గావె.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ ద్రాక్షసారా గ్లాసు. వీన్|గ్లస్ అన్నప్పుడు జిగురు లేదు. అదే ఎర్ర వైను గ్లాసు అయితే రోవీన్స్|గ్లస్, స్ వచ్చేసింది! పూర్వపదం తానే ఒక సమాసమైనప్పుడు చాలాసార్లు ఇలా స్ పెడతారు, పెద్ద అతుకు ఇక్కడ ఉంది అని చెప్పే గుర్తు అది. అంటే ఎర్ర వైను తాలూకు గ్లాసు, ఎర్రటి వైనుగ్లాసు కాదు. మాట ఎంత పొడుగున్నా దాన్ని ముందు రెండుగానే చీల్చాలి, తరవాత ఒక్కో సగాన్ని చూడాలి. ఇందులో పెద్ద ఊనిక "రో" మీద, చిన్నది "గ్లస్" మీద. మధ్యలో ఉన్న "వీన్" రెండు మెట్లు దిగింది, అయినా గుటకేయకూడదు.

స్తవాంగర్_అమ్మ:
నేను వ్యాకరణం చదువుకున్నదాన్ని కాదు, పిల్లల్ని పెంచుతూ విన్నదాన్ని. మా చిన్నది బాణెహాగెలో చేరిన కొత్తలో దానికి రోజుకో కొత్త సమాసం తయారుచేయడం ఆట. తెలిసిన రెండు మాటలు అతికించి మొదటిదాన్ని గట్టిగా అనేది, అక్కడి ఆంటీలు ఏ మాత్రం తడుముకోకుండా అర్థం చేసుకునేవాళ్ళు. ఈ భాషలో సమాసం అంటే నిఘంటువులో ఉన్నది నేర్చుకోవడం ఒక్కటే కాదు, అప్పటికప్పుడు చేసుకోవచ్చు. అందుకని నర్సు గారూ, బట్టీకి భయపడకండి, అతికించే పద్ధతి చేతికొస్తే చాలు.

రాతలో మాత్రం జాగ్రత్త. విడదీసి రాస్తే ఇక్కడివాళ్ళు చాలా పట్టించుకుంటారు. మాంసం కొట్లో ఈస్టర్ ముందు కనిపించే లమ్మె|లోర్ అంటే గొర్రెపిల్ల తొడ మాంసం. దాన్నే రెండు మాటలుగా లమ్మె లోర్ అని రాస్తే పక్షవాతం వచ్చిన తొడలు. తూన్‌ఫిస్క్|బీతెర్ అంటే ట్యూనా చేప ముక్కలు, విడదీస్తే "ట్యూనా చేప కరుస్తుంది". రొయ్క్|ఫ్రిత్ అంటే పొగ తాగకూడని చోటు, విడదీస్తే స్వేచ్ఛగా పొగ తాగండి అని!

గురులఘువు:
బాగా చెప్పారమ్మా. ఇవి రాతలో తప్పులే అనుకుంటారు గానీ నిజానికి నోటికి సంబంధించినవి. నొష్క్|లేరెర్ అని ఒకే పెద్ద ఊనికతో అంటే నార్వేజియన్ భాష చెప్పే టీచరు, ఆయనది విజయవాడ అయినా సరే. నొష్క్ లేరెర్ అని రెండిటినీ సమానంగా నొక్కితే నార్వే దేశస్థుడైన టీచరు, ఆయన లెక్కలు చెప్పినా సరే. ఒక పెద్ద ఊనిక వినిపిస్తే కలిపి రాయి, రెండు వినిపిస్తే విడదీసి రాయి, బళ్ళో పిల్లలకి చెప్పే మాట ఇదే. మీ టీచర్ "రెండు మాటలు చేస్తున్నావు" అన్నది అందుకే అయ్యుంటుంది. మీరు మధ్యలో ఆగకపోయినా ఊనికలు రెండూ సమానంగా పడితే వాళ్ళ చెవికి అది రెండు మాటలే.

కోడ్_కూలీ:
ఊనిక అంటే ఏం చేయాలో ఎవరూ చెప్పట్లేదు. గట్టిగా అరవాలా? నేను మొదట్లో ఈ ప్రశ్నతోనే చాలా సతమతమయ్యాను, ఎవరిని అడిగినా "నొక్కి చెప్పు" అంటారు, ఎలా నొక్కాలో చెప్పరు.

గురులఘువు:
మంచి ప్రశ్న. నా పేరు కూడా ఇందుకే పనికొస్తుంది.

మన ఛందస్సులో గురువు ఎప్పుడవుతుంది? దీర్ఘం ఉంటే గురువు, లేదా తరవాత ద్విత్వమో సంయుక్తమో ఉంటే గురువు. నార్వేజియన్‌లో ఊనిక పడిన అక్షరం తప్పకుండా గురువే కావాలి. అచ్చు సాగాలి, లేదా హల్లు సాగాలి. రెంటిలో ఒకటే, రెండూ కాదు. తాక్ అంటే ఇంటి కప్పు, అచ్చు సాగింది, క్ పొట్టిది. తక్క్ అంటే కృతజ్ఞతలు, అచ్చు పొట్టిది, క్ సాగింది. మనకి "గద", "గద్ద" తేడా పుట్టుకతో తెలుసు కాబట్టి ఇంగ్లీషువాళ్ళకన్నా మనం దీన్ని తొందరగా పడతాం, కానీ ఆ వరాన్ని ఎవరూ వాడుకోరు, ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటూ ఆ ద్విత్వాన్ని పోగొట్టుకుంటారు.

కాబట్టి అరవక్కర్లేదు. ఊనిక ఉన్న అక్షరం దగ్గర సమయం తీసుకోండి. లమ్మె|లోర్ లో "లమ్" దగ్గర మ్ మీద నిలబడాలి, "లోర్" లో ఓ మీద కాస్త తక్కువగా నిలబడాలి. ఊనిక లేనిచోట అంతా లఘువే. తెలుగులో ఊనికతో పనిలేకుండా ఎక్కడైనా దీర్ఘం, ఎక్కడైనా ద్విత్వం రావచ్చు, అక్కడ అలా కుదరదు. తేడా అంతే.

రాతలో ఒక మోసం ఉంది. ఊనిక ఉన్న అచ్చు తరవాత హల్లు రెండుసార్లు రాస్తే అచ్చు పొట్టి, ఒక్కసారి రాస్తే పొడుగు అని నేర్పుతారు. మాట చివర ఎమ్ వచ్చినప్పుడు ఇది చెల్లదు, ఎమ్‌ని చివర రెండుసార్లు రాయరు. గొర్రెపిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు ఒకే ఎమ్, పలకడం మాత్రం లమ్మ్. పడకగది సోవె|రుమ్మ్ కూడా అంతే, చూసి "రూమ్" అని సాగదీస్తే తప్పు.

కోడ్_కూలీ:
ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది! అయితే నా వైపునుంచి ఒకటి. మనం నోట్స్ తెలుగు లిపిలో రాసుకుంటే లిపే అతుకుని దాచేస్తుంది. మన లిపిలో హల్లులు ఒకదాని కింద ఒకటి చేరిపోతాయి కదా. రెండు దేశాల మధ్య ఆట, ఫుట్‌బాల్‌లో రోజూ వినే మాట, లన్స్|కంప్. ప్రకృతి దృశ్యం అన్న మాట లన్|స్కాప్. రెంటినీ మామూలుగా రాస్తే లన్స్కంప్, లన్స్కాప్, రెండిట్లోనూ ఒకే "స్క". చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. మొదటిదాంట్లో స్ జిగురు, అతుకు స్ తరవాత. రెండోదాంట్లో స్కాప్ అనేది ప్రత్యయం, అతుకు స్ కంటే ముందు. అందుకే నేను నోట్స్‌లో అతుకు దగ్గర పొల్లు వచ్చేలా టైప్ చేస్తా, లన్స్‌కంప్ అని. చిన్న విషయంలా ఉంటుంది గానీ నెల రోజులు అలా రాసుకుంటే కళ్ళే అతుకుని వెతకడం మొదలుపెడతాయి.

పంక్తి చివర మాట విరిచేటప్పుడు కంప్యూటర్లు కూడా ఇక్కడే బోల్తా పడతాయి. కారు విడిభాగాలు, బీల్|దేలెర్. బొమ్మ అన్న మాట బిల్దె. మిషన్‌కి అక్షరాల వరస ఒక్కటే తెలుసు, బిల్దె అనే మాట కనిపించగానే అక్కడ విరిచేస్తే చదివేవాడి నోట్లో దీర్ఘం కాస్తా పొట్టిదైపోతుంది. అతుకు మారితే అచ్చు నిడివి కూడా మారిపోయింది చూడండి.

ఓస్లో_నర్సు:
కోడ్ గారు, మూడు హల్లుల సంగతి కూడా చెప్పగలరా? బస్ స్టాప్‌లో బోర్డు చూస్తే రెండు ఎస్‌లే ఉన్నాయి, బుస్స్ కి రెండు, స్తొప్ కి ఒకటి, మూడు ఉండాలి కదా.

కోడ్_కూలీ:
ఒకే హల్లు మూడుసార్లు వరసగా వస్తే ఒకటి తీసేస్తారు. బస్ స్టాప్, రాత్రి రైలు నత్|తోగ్, బ్యాండు మేళం మూసిక్|కొర్ప్స్, అన్నీ రెండు హల్లులతోనే రాస్తారు. అందంగా ఉన్న సంగతి ఏంటంటే పంక్తి చివర విరవాల్సి వస్తే పోయిన హల్లు తిరిగి వస్తుంది, నత్త్ పైన, తోగ్ కింద, మొత్తం మూడు టీలు. రాతలో కనిపించకపోయినా అతుకు అక్కడే ఉందని భాష గుర్తుపెట్టుకుంటుంది. ఇదే మూసిక్|కొర్ప్స్ ఊనికకి కూడా మంచి అభ్యాసం, మే 17న ఊరేగింపుల్లో మోగేది ఈ మేళమే కాబట్టి ఆ నెలంతా వింటారు. మూసిక్ ఊనిక "సిక్" మీద, కాబట్టి మాట మొదట్లో కాదు, రెండో అక్షరం మీద బరువు.

బెర్గెన్‌వాన:
అందరూ ఒకటి వదిలేశారు. సమాసంలో అతుకు దగ్గర శబ్దాలు కలిసిపోతాయి. ఓస్లో వైపు ర్ తరవాత త్ వస్తే ట్ అవుతుంది, ర్ తరవాత న్ వస్తే ణ్, ర్ తరవాత స్ వస్తే ష్. బాణ్ లో ణ అలా వచ్చిందే. వాళ్ళ మామూలు త, ద మన త, ద లాంటివే, పళ్ళ దగ్గర పలుకుతారు. మనవాళ్ళు ఇంగ్లీషు అలవాటులో అన్నిటికీ ట, డ పెట్టేస్తారు, అప్పుడు ర్ ఎక్కడుందో ఎక్కడ లేదో వినేవాళ్ళకి కలగాపులగం అవుతుంది. ఈ విషయంలో మన చెవి చాలా గొప్పది, దాన్ని నమ్మండి.

మా బెర్గెన్‌లో ర్ గొంతులోంచి వస్తుంది, కాబట్టి ఈ ట, ణ ఏమీ ఉండవు. నార్వేలో ఇదే ప్రామాణిక ఉచ్చారణ అని అధికారికంగా ఏదీ లేదు, ఎవరి యాస వాళ్ళది. మీరు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి మాట పట్టుకోండి.

గురులఘువు:
వేసవి కాలం సొమ్మెర్|తీద్ అని అతికితే నోట్లో సొమ్మెటీ అవుతుంది, ర్, త్ కలిసి ట అయ్యాయి, చివరి ద్ పోయింది. మనకి ఇది కొత్త కాదు. కూర, కాయ కలిస్తే కూరగాయ, అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. ఉత్తరపదం మొదటి హల్లు అతుకు దగ్గర రూపు మార్చుకోవడం మనం పుట్టినప్పటినుంచీ చేస్తున్నదే. శబ్దం అతుకు దాటి కలిసిపోయినా ఊనిక, నిడివి మాత్రం అతుకుని పట్టుకునే ఉంటాయి, అది మర్చిపోకూడదు.

ఓస్లో_నర్సు:
సరే, మీరు చెప్పినవన్నీ పెట్టుకుని రోజూ తేబానెలో (ఓస్లో మెట్రో) వినే నాలుగు స్టేషన్లు విడగొట్టాను. సెంట్రల్ స్టేషన్ దగ్గరనుంచి పడమరకి వరసగా. చూసి చెప్పండి.

యేణ్|బానె|తొర్గె, పెద్దది "యేణ్", చిన్నది "తొర్".
స్తూర్|తింగె, పెద్దది "స్తూ", అతుకు దగ్గర ర్, త్ కలిసి స్తూటింగె.
నషునాల్|తేఆత్రె, పెద్దది "నాల్".
మయూర్|స్తూఎన్, పెద్దది "యూ", కలిసి మయూష్టూఎన్.

మొదటి మూడింటికీ బోర్డు మీద చివర టీ ఉంది, అనౌన్స్‌మెంట్‌లో వినిపించదు.

గురులఘువు:
అన్నీ సరే. నపుంసకంలో నిర్దిష్టరూపం చివరి టీ పలకరు, మీకు వినిపించకపోవడం న్యాయమే. మొదటిదాంట్లో మూడు పదాలున్నాయి కదా, ముందు రెండుగా చీల్చండి. యేణ్‌బానె అంటే రైలుమార్గం ఒక సగం, తొర్గె అంటే సంత మైదానం ఇంకో సగం. అందుకే చిన్న ఊనిక బానెకి కాకుండా తొర్గెకి వచ్చింది. రైల్వే స్టేషన్ కూడా ఇలాగే, యేణ్‌బానె|స్తషూన్. స్తషూన్ ఊనిక తన చివరి అక్షరం మీద కాబట్టి చిన్న ఊనిక "షూన్" మీదికి పోయింది.

స్తవాంగర్_అమ్మ:
మరి తోనెలాగ్ సంగతో? మా పిల్లలు నన్ను సరిదిద్దేది అక్కడే. మాట రాగం తేడాగా ఉందంటారు.

కోడ్_కూలీ:
అది వదిలేయండి అక్కా, బి2 కి దాని జోలికి పోకపోవడమే మంచిది. బొన్నెర్ అంటే రైతులు, బొన్నెర్ అంటే చిక్కుళ్ళు, రాగం ఒక్కటే తేడా. అయితే ఏంటి, ఎవరైనా రైతుల్ని వండుకుంటామనుకుంటారా? సందర్భం అన్నీ చెప్పేస్తుంది. ఉత్తరాన కొన్ని ఊళ్ళలో, బెర్గెన్ చుట్టుపక్కల కొన్ని యాసల్లో ఈ రాగభేదమే లేదు, వాళ్ళు బాగానే బతుకుతున్నారు.

గురులఘువు:
విడి మాటల విషయంలో నువ్వు చెప్పింది ఒప్పుకుంటా తమ్ముడూ. సమాసాల దగ్గర ఒప్పుకోను. అక్కడ రాగం వేరే పని చేస్తుంది, మాట మొత్తాన్ని ఒక దండలా కట్టి ఉంచుతుంది. ఓస్లో వైపు ఒకటో తోనెలాగ్ కిందనుంచి మొదలై పైకి లేస్తుంది, రెండోది పైనుంచి మొదలై దిగి మళ్ళీ లేస్తుంది. సమాసం ఎంత పొడుగైనా ఈ రాగం ఒక్కసారే, పెద్ద ఊనిక దగ్గర మొదలై మాట చివర లేస్తుంది. రెండు మాటలైతే రెండు రాగాలు. వినేవాడు అతుకుని, మాట ముగింపుని పట్టేది దీంతోనే.

ఏ రాగం అన్నది ఎక్కువగా పూర్వపదం నిర్ణయిస్తుంది. ఓస్లోలో వింతెర్ ఒకటో రాగం, కాబట్టి శీతాకాలం సెలవులు వింతెర్|ఫేరియె కూడా ఒకటి. సొమ్మెర్ రెండో రాగం, సొమ్మెర్|ఫేరియె కూడా రెండు. ఎ జిగురు ఉంటే రెండో రాగం, బాణె|హాగె లాగ. ఒక్క అక్షరపు పూర్వపదం, జిగురు లేదు, అప్పుడు రెండూ వస్తాయి, అవి వినే నేర్చుకోవాలి. పొరుగున స్టాక్‌హోమ్‌లో అయితే సమాసం అనగానే దాదాపు అన్నిటికీ రెండో రాగమే, స్వీడిష్ సినిమాలు చూసి నార్వేజియన్ నేర్చుకునేవాళ్ళు ఇది గమనించుకోవాలి.

పరీక్షకి ఎవరూ దీనికి మార్కులు కోస్తారని నేను చెప్పను. ముందు అతుకు, తరవాత గురువు, ఆ తరవాత రాగం, ఈ వరసలో వెళ్ళండి చాలు.

దక్షిణపు_గాలి:
ఇంతసేపూ చదువుతున్నా, ఒక్కరూ మా ఊరి పేరు ఎత్తలేదు. క్రిస్తియన్‌సన్న్! ఇది సమాసమే, క్రిస్తియన్, సన్న్ కలిసినదే, కానీ పెద్ద ఊనిక చివరి "సన్న్" మీద. అర్థం వెనక, బలం ముందు అన్న సూత్రం పెట్టుకుని మొదటి "క్రిస్" ని నొక్కితే బస్సు డ్రైవరు మళ్ళీ అడుగుతాడు. పైగా పడమటి తీరంలో క్రిస్తియన్‌సున్న్ అని ఇంకో ఊరు ఉంది, తేడా ఉన్నది ఊనిక పడే ఆ ఒక్క అచ్చులోనే. ఒకప్పుడు ఉత్తరాల మీద తికమక రాకుండా మా ఊరికి దక్షిణం గుర్తుగా ఎస్, ఆ ఊరికి ఉత్తరం గుర్తుగా ఎన్ చేర్చి రాసేవాళ్ళు.

గురులఘువు:
నిజమే, ఊళ్ళ పేర్లు కొన్ని మొండివి, వాటిని ఊరివాళ్ళ నోటినుంచే నేర్చుకోవాలి. నామవాచకాలకి సూత్రం చెల్లుతుంది, ఊరి పేర్లకి హామీ లేదు.

ఓస్లో_నర్సు:
వీటన్నిటికీ వినడానికి మంచి చోటు ఉందా? డబ్బు కట్టే యాప్‌లు వద్దు.

కోడ్_కూలీ:
త్రొన్‌హైమ్‌లోని ఎన్‌టీఎన్‌యూ విశ్వవిద్యాలయం వాళ్ళ కాల్స్ట్ ఉచితం, అందులో మన మాతృభాష, నేర్చుకోవాల్సిన యాస ఎంచుకుని విని పలికే అభ్యాసాలు చేయొచ్చు. పొట్టి, పొడుగు అచ్చుల జంటలు అక్కడ చేయండి. జిగురుకీ లింగానికీ బూక్‌మోల్స్‌ఊర్దబూక అనే నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉంది, అదీ ఉచితమే, బెర్గెన్ విశ్వవిద్యాలయం, నార్వే భాషా మండలి స్ప్రోక్‌రోదె కలిసి నడుపుతారు.

బెర్గెన్‌వాన:
రేడియో వార్తలు వింటూ ఒక్కో పొడవాటి మాట దగ్గర ఆపి, ముందు అతుకు చెప్పుకుని, తరవాత పైకి అనండి. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

ఓస్లో_నర్సు:
ఒక్క అనుమానం మిగిలింది. పడుచుప్రాయపు ప్రేమికుడు లేదా ప్రేమికురాలు అన్న మాట, ఉంగ్దొమ్స్|హ్యేరెస్తె. రాతలో ఎస్, కె, జె వరసగా ఉన్నాయి, ఆ మూడూ కలిస్తే "ష" అని నేర్చుకున్నాం. నేను "ఉంగ్దొమ్ షేరెస్తె" అని చదివితే టీచర్ ఒప్పుకోలేదు.

గురులఘువు:
ఎస్ జిగురు, అది పూర్వపదం వైపుది. కె, జె హ్యేరెస్తె వైపువి. మధ్యలో అతుకు ఉంది కాబట్టి మూడూ కలిసి ష కాలేవు. దొమ్ ప్రత్యయం కనిపించగానే వెనక ఎస్ జిగురు వస్తుందని ముందే చెప్పుకున్నాం కదా, అది పట్టుకుంటే ఇలాంటివి చదవకముందే విడిపోతాయి.

స్తవాంగర్_అమ్మ:
మా పెద్దాడి స్నేహితులైతే విడిగా ఉన్న హ్యేరెస్తెనే షేరెస్తె అంటారు. ఈ కాలం పిల్లల్లో చాలామంది ఆ రెండు శబ్దాల్నీ ఒకటి చేసేశారు. పరీక్షకి మాత్రం మీ టీచర్ చెప్పినట్టే అనండి.

బెర్గెన్‌వాన:
ఉద్యోగం పడమటి తీరంలో వస్తే భయపడకండి, అక్కడ ఎక్కువగా వాడే రెండో రాతభాష న్యూనొష్క్‌లో కూడా అతికించే పద్ధతి ఇదే. మా హౌకెలాన్ ఆసుపత్రి బోర్డు మీద ఊనివెర్సితేత్స్|షూకెహూస్ అని ఉంటుంది. స్యూకె బదులు షూకె వచ్చింది. అతుకు అక్కడే, పెద్ద ఊనిక తేత్ మీదే, జిగురు స్ మాత్రం వెనక ష లో కరిగిపోయి ఒకే పొడుగు ష్ లా వినిపిస్తుంది.